పెడల్ కొనేముందు దాని మూత తీసి చూడండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట సైకిల్ దుకాణాల్లో పెడల్ అడిగితే మూడు రకాల్లో ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఒకటి, పాత నల్ల సైకిళ్లకు వేసే ఇనుప చట్రం, రబ్బరు దిమ్మెల పెడల్. రెండోది, పిల్లల సైకిళ్లకూ చవక గేరు సైకిళ్లకూ కంపెనీ నుంచే బిగించి వచ్చే ప్లాస్టిక్ పెడల్. మూడోది, పొద్దున్నే హెల్మెట్ పెట్టుకొని తొక్కేవాళ్లు అడిగే అల్యూమినియం పెడల్; లోపల సీల్డ్ బేరింగ్, అంటే దుమ్ము పోకుండా మూసిన బేరింగ్, ఉంటుంది. సాఫీగా తిరగడంలో మూడోది మేలు, తేలికలో రెండోది నయం. అయినా రోజూ పనికి పోయే సైకిల్‌కు డబ్బు పెట్టి కొనాల్సింది మొదటిదే. అది విప్పడానికి వస్తుంది, అంతే కారణం. అరిగినప్పుడు వాకిట్లో కూర్చొని విప్పి, కడిగి, లోపలి చిన్న ఉక్కు గుండ్లు (బాల్స్) మార్చి, గ్రీజు పెట్టి ఏళ్ల తరబడి తొక్కొచ్చు. ప్లాస్టిక్ దానికి ఆ వీలు దాదాపు లేదు. సీల్డ్ దానికి ఉంది గానీ, సరైన బేరింగ్ నంబరు వెతికి తెచ్చుకునే ఓపిక ఉండాలి.

ధర ఊరిని బట్టి, దుకాణాన్ని బట్టి మారుతుంది. రబ్బరు పెడళ్ల జత సుమారుగా 150 నుంచి 300 రూపాయల మధ్య నడుస్తుంది. సీల్డ్ బేరింగ్‌వి దానికి మూడు నాలుగింతలు. ప్లాస్టిక్‌వి అన్నిటికన్నా చవక, కాబట్టే వాటిని అన్నిటికన్నా ఎక్కువసార్లు కొంటారు.

మన దగ్గర పెడళ్లు తొందరగా పోవడానికి దుమ్మూ నీళ్లూ ఒకదాని వెంట ఒకటి రావడమే కారణం. ఏప్రిల్, మే నెలల్లో చెల్క నేలల ఎర్ర దుమ్ము, కరీంనగర్ దిక్కు ఐతే గ్రానైట్ క్వారీల పొడి, పెడల్ లోపలి అంచున పొంగిన గ్రీజుకు అంటుకుంటాయి. రబ్బరు పెడల్‌కు క్రాంకు (పెడల్‌ను బిగించే కడ్డీ) వైపున సీలు ఉండదు. ఇరుసుకూ దాని చుట్టూ తిరిగే గొట్టానికీ మధ్య ఒక సన్న సందు, అంతే. జూన్‌లో వానలు మొదలవగానే ఆ దుమ్మంతా నీళ్లతో కలిసి సందులోంచి లోపలికి పోతుంది. అక్కడ గ్రీజులో కలిసిన సన్న ఇసుక, వాల్వులు రుద్దే పేస్టు చేసే పనే చేస్తుంది: బాల్స్‌నూ అవి దొర్లే దారినీ కొంచెం కొంచెం నాకేస్తుంది. పొలం గట్ల మీద, వరి మడుల పక్కన తిరిగే సైకిల్‌కు ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. బైకుల సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపుతో సైకిల్ కడిగించడం ఇంకో తప్పు. పైన మెరుస్తుంది, లోపల గ్రీజు కొట్టుకుపోతుంది. సైకిల్‌కు బకెట్ నీళ్లు, పాత గుడ్డ చాలు.

శబ్దం నిజంగా పెడల్‌దేనా?

విప్పేముందు ఇది తేల్చుకోవాలి. కటకట శబ్దం రాగానే పెడల్ మార్చేసేవాళ్లు చాలామంది. తీరా చూస్తే తప్పు ఇంకోచోట ఉంటుంది. పాత సైకిళ్లలో క్రాంకును పట్టి ఉంచే కాటర్ పిన్ను వదులైతే, కాలు కింది నుంచి పైకి వచ్చి మళ్లీ తొక్కడం మొదలుపెట్టే చోట టక్కుమంటుంది. రెండు క్రాంకులనూ రెండు చేతులతో పట్టుకొని ఎదురెదురుగా ఊపితే అది చేతికే తెలుస్తుంది. క్రాంకులు రెండూ ఒకే గీతలో లేకపోయినా కాటర్ అరిగినట్టే. అదేమీ లేకపోతే పెడల్‌ను చేత్తో తిప్పి చూడాలి. గరగరలాడితే లోపల ఇసుక, లేదా గుంటలు పడ్డ కోను (ఇరుసు మీద బాల్స్ దొర్లే ఏటవాలు భాగం). పైకీ కిందికీ ఊపితే ఆడుతుంటే కోను వదులు. తిప్పితే సాఫీగానే ఉండి, తొక్కినప్పుడు మాత్రమే చుట్టుకొకసారి టిక్కుమంటే పెడల్‌ను క్రాంకుకు బిగించే మర పొడిగా ఉందన్నమాట. పెడల్ ఊడదీసి, మరకు గ్రీజు రాసి గట్టిగా బిగిస్తే ఆ శబ్దం పోతుంది. పైసా ఖర్చు ఉండదు.

పెడల్ తిరుగుతుంటే దాని బయటి కొస వంకరగా ఊగుతోందా? ఇరుసు వంగింది. సైడు స్టాండు జారి సైకిల్ పక్కకు పడ్డప్పుడు, పాల క్యాన్లతో నిండుగా ఉన్న సైకిల్ మీద ఒక్క కాలి మీద నిలబడి మొదలుపెట్టినప్పుడు ఇట్లా వంగుతుంది. దాన్ని సుత్తెతో సరిచేసి ఇస్తామంటే వద్దనండి. ఇరుసు పైపొర గట్టిపరచిన ఉక్కు. కొట్టి నిటారు చేస్తే కంటికి కనపడని పగులు పడుతుంది, ఏదో ఒక రోజు కాలి కింద విరుగుతుంది. ఇరుసైనా మార్చాలి, పెడలైనా మార్చాలి.

ఊడదీయడం

ఇక్కడే చాలా పెడళ్లు, కొన్ని క్రాంకులు పాడవుతాయి. కుడి పెడల్‌ది మామూలు మర, ఎడమ పెడల్‌ది ఎడమ మర. ఎడమ పెడల్‌ను మామూలు నట్టు అనుకొని విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది. ఇంకా బలం పెడితే మర చీరుకుంటుంది. ఏ వైపు తిప్పాలో గుర్తుపెట్టుకునే బాధ లేకుండా ఒక దారి ఉంది: పానా పిడి పైకి నిలబడేట్టు పెట్టి వెనక చక్రం వైపు లాగండి, ఊడుతుంది; ముందు చక్రం వైపు తోయండి, బిగుస్తుంది. కుడికైనా ఎడమకైనా ఇదే. వెనక నుంచి అలెన్ కీ పెట్టి తిప్పే పెడళ్లకూ ఇదే.

పానా 15 మి.మీ. కావాలి, అదీ పలచటిది. మామూలు దొడ్డు పానా క్రాంకుకూ పెడల్‌కూ మధ్య సందులో సరిగా కూర్చోదు. కొస మీద పట్టి జారి, ఇరుసు చదునులను గుండ్రం చేస్తుంది. మంకీ పానా అసలే వద్దు. బిగుసుకుపోయిన పెడల్ ఐతే క్రాంకు కన్ను (పెడల్ ఎక్కే రంధ్రం) రెండు వైపులా జారుడు నూనె కొట్టి రాత్రంతా వదిలేయాలి. తెల్లారి క్రాంకును ముందుకు, నేలకు సమంగా పెట్టి, పానాను క్రాంకు వెంబడే వెనక్కి చూసేట్టు ఉంచి, పానా కొస మీద కిందికి నొక్కాలి. వెనక బ్రేకు ఇంకొకరు పట్టుకుంటే మంచిది. కుడి వైపు చేస్తున్నప్పుడు చేయి జారితే వేళ్లు చైను చక్రం పళ్ల మీద పడతాయి. చైను దాని మీద ఉండాలి, చేతికి ఒక గుడ్డ చుట్టుకోవాలి.

ఎడమ పెడల్‌కు ఉల్టా మర ఎందుకన్నదానికి చాలామంది చెప్పే కారణం తప్పు. పెడల్ తిరిగే దిక్కుకు మర బిగుస్తుందనుకుంటారు. నిజానికి బేరింగ్ రాపిడి ఇరుసును ఊడే వైపుకే లాగుతుంది. కానీ కాలి బరువు క్రాంకు కన్ను లోపల ఇరుసును చుట్టూ నొక్కుతూ తిరుగుతుంది కదా, ఆ దొర్లుడు ఇరుసును ఎదురు దిక్కుకు, అంటే బిగిసే వైపుకు నడిపిస్తుంది. బేరింగ్ సాఫీగా ఉన్నంతకాలం ఈ దొర్లుడుదే గెలుపు. బేరింగ్ తుప్పు పట్టి జామైతే రాపిడి గెలుస్తుంది. పెడల్ దానంతటదే ఊడిపోతుంది. గ్రీజు లేని పెడల్ నడి రోడ్డు మీద ఊడిపడడం వెనక సంగతి ఇదీ.

రబ్బరు పెడల్ లోపల

మధ్యలో గొట్టం. గొట్టం రెండు కొసల్లో గిన్నెల్లాంటి రెండు కప్పులు. ఒక్కో కప్పులో ఒక వరస బాల్స్. క్రాంకు వైపు వరస, ఇరుసు మీదే ఉన్న కోను మీద దొర్లుతుంది; బయటి వరస, ఇరుసు కొసకు మరతో ఎక్కించిన విడి కోను మీద దొర్లుతుంది. ఆ కోను మీద నాలుక ఉన్న వాచరు, దాని మీద లాక్‌నట్టు, అన్నిటి మీద దుమ్ము మూత. ఈ పెడల్‌కు మార్కులన్నీ ఈ అమరికకే. అరిగేది బాల్స్, కోను; రెండూ విడిగా మార్చుకోవచ్చు.

మూత రెండు రకాలు. అంచున పానా పట్టే పలకలుంటే అది మర మూత, తిప్పి తీయాలి. నున్నగా ఉంటే నొక్కి పెట్టింది, సన్న పేచ్‌కస్‌తో అంచు చుట్టూ కొంచెం కొంచెంగా లేపాలి. ఒకే చోట లేపితే వంగుతుంది, వంగిన మూత మళ్లీ నిలవదు. మూత పోయిన పెడల్‌కు ఎన్నిసార్లు గ్రీజు పెట్టినా ఒక్క వానాకాలం కూడా ఆగదు.

ఇంట్లో బెంచ్ వైస్ ఉండదు కాబట్టి ఒక కిటుకు: మూత తీయడం, లాక్‌నట్టు వదులు చేయడం పెడల్ క్రాంకుకు ఉండగానే చేసుకోవాలి. అప్పుడు క్రాంకే వైస్ పని చేస్తుంది. లాక్‌నట్టు లోతుగా ఉంటుంది కాబట్టి బాక్సు పానా కావాలి. సైజు పెడల్‌ను బట్టి మారుతుంది, చిన్న బాక్సు పానాల సెట్టు ఒకటి ఉంటే చాలు. ఈ లోపలి నట్టు మాత్రం మామూలు పెడళ్లలో రెండు పక్కలా మామూలు మరే, ఎడమ పెడల్ కదా అని ఉల్టా తిప్పొద్దు. నట్టు వదులయ్యాక పెడల్‌ను క్రాంకు నుంచి ఊడదీసి, అంచు ఉన్న పళ్లెంలో పెట్టి మిగతా పని చేయాలి. కింద పాత గుడ్డ పరిస్తే బాల్స్ దొర్లిపోవు. కోను మీది గాట్లలో పేచ్‌కస్ కొస పెట్టి తిప్పితే కోను బయటికొస్తుంది. దాంతో బయటి వరస బాల్స్ పడతాయి, ఇరుసు లాగితే లోపలి వరస పడుతుంది. రెండు వరసలనూ వేర్వేరుగా లెక్కపెట్టి రాసుకోవాలి. పాత పెడళ్లలో ఒకటి రెండు బాల్స్ ముందే రాలిపోయి ఉండొచ్చు, కాబట్టి రెండో పెడల్ లెక్కతో కూడా పోల్చుకోవాలి.

కడగడానికి గ్యాస్‌నూనె (కిరోసిన్) మేలు, దొరక్కపోతే డీజిల్. పెట్రోల్ వద్దు, ఆవిరికి నిప్పు అంటుకునే ప్రమాదం ఒకటి, చేతి తోలును పొడిబార్చడం ఇంకోటి. పాత పళ్ల బ్రష్‌తో గొట్టం లోపల, కప్పుల్లో రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, ఎండలో కాసేపు పెట్టాలి. డీజిల్ తడి ఉండగానే గ్రీజు పెడితే గ్రీజు పలచబడి బయటికి కారిపోతుంది.

ఇప్పుడు అసలు తనిఖీ. కోను మీద బాల్స్ దొర్లిన చోట ఒక గీత ఉంటుంది. ఆ గీత మసక వెండి రంగులో, నున్నగా ఉంటే భయం లేదు, వాడుకోవచ్చు. బాల్‌పెన్ను కొస తీసుకొని ఆ గీత వెంట మెల్లగా నడిపించండి. కొస ఎక్కడా తట్టుకోకుండా జారిపోవాలి. ఎక్కడైనా గుంటలో దిగి ఆగితే, ఆ కోను పని అయిపోయింది. కంటికి ఆవగింజంత కూడా కనపడని గుంట పెన్ను కొసకు దొరుకుతుంది. గొట్టంలోని కప్పులనూ ఇట్లాగే చూడాలి. కప్పులు గొట్టంలోకి నొక్కి కూర్చోబెట్టినవి, విడిగా దొరకడం కష్టం. కప్పులో గుంటలు పడ్డ పెడల్‌కు బాల్స్, కోను మార్చినా కొన్ని వారాలకే మళ్లీ గరగర మొదలవుతుంది. దానికి శ్రమ పెట్టొద్దు, చట్రం నుంచి పనికొచ్చే మూత, నట్లు, రబ్బర్లు తీసి డబ్బాలో వేసుకోండి.

బాల్స్ చూడ్డానికి మెరుస్తున్నా పాతవి మళ్లీ వేయొద్దు. అన్నీ ఒకేలా అరగవు. పాతవాటిలో రెండు కొత్తవి కలిపితే ఆ రెండే పెద్దవి కాబట్టి బరువంతా వాటి మీదే పడుతుంది. అవే కోనును తవ్వుతాయి. పెడల్ బాల్స్ సైజు ఎక్కువగా 5/32 అంగుళం, అంటే దాదాపు 4 మి.మీ. ముందు చక్రం హబ్బులో పడేవి 3/16, వెనక చక్రంవి 1/4. దుకాణంలో తొందరలో 3/16 పొట్లం ఇస్తే వాటితో కోను మర అందదు, లేదా రెండు చుట్లకే ఆగిపోతుంది. ఒక్కో వరసకు 10 నుంచి 13 దాకా పడతాయి. జతకు నాలుగు వరసలు కాబట్టి 55 కొంటే సరిపోయి కొన్ని మిగులుతాయి. కొన్నిచోట్ల లెక్కన ఇస్తారు, కొన్నిచోట్ల 144 ఉన్న గ్రోసు పొట్లమే ఇస్తారు.

గ్రీజు విషయంలో ఎక్కువ ఆలోచించే పని లేదు. బైకు, ఆటో మెకానిక్కులు వాడే లిథియం గ్రీజు, ఏపీ-3 అని అడిగితే దొరికేది, చాలు. ఎండాకాలం రామగుండం వేడికి కూడా కారిపోదు. వాడకూడనివి రెండు: కొబ్బరి నూనె, బండి నుంచి తీసిన మాడిన ఇంజనాయిల్. సందులో నాలుగు చుక్కలు వేయగానే శబ్దం ఆగుతుంది కాబట్టి ఇంజనాయిల్ అలవాటు పోవడం లేదు. ఆ చుక్కలు ఉన్న గ్రీజును కూడా కడిగేసి, వచ్చే దుమ్మును పట్టి ఉంచుతాయి.

బిగింపు దగ్గర తొందర పనికిరాదు

గొట్టాన్ని క్రాంకు వైపు పైకి ఉండేట్టు పట్టుకొని, కప్పులో చుట్టూ గ్రీజు రాసి, బాల్స్ ఒక్కొక్కటిగా గ్రీజులో అద్దాలి. చుట్టూ నింపాక ఒక బాల్‌కు తక్కువ సందు మిగలాలి. బాల్స్ ఒకదాన్నొకటి నెట్టుకునేంత కిక్కిరిస్తే ఒకటి తీసేయాలి. తర్వాత ఇరుసును మెల్లగా దింపి, ఇరుసూ గొట్టమూ కలిపి పట్టుకొని తిరగేయాలి. ఇక్కడ చేయి వదిలితే లోపలి వరస జారి గొట్టంలో పడుతుంది, మళ్లీ మొదటికి. బయటి కప్పులో గ్రీజు, బాల్స్. కొసకు గ్రీజు అంటించిన పాత స్పోకు ముక్కతో బాల్స్ ఎత్తి పెట్టడం సులువు. కోనును వేళ్లతో ఎక్కించి, నాలుక వాచరు పెట్టి, లాక్‌నట్టు వేళ్లతోనే పట్టించి ఆపాలి.

ఆ వాచరు సంగతి కొంచెం చెప్పాలి. దాని లోపలి అంచున ఒక చిన్న నాలుక ఉంటుంది, అది ఇరుసు మీది గాడిలో కూర్చుంటుంది. పైన లాక్‌నట్టు తిరిగేటప్పుడు ఆ తిప్పుడు కిందున్న కోనుకు అందకుండా ఆపేది అదే. దాని నాలుక విరిగినా, మామూలు వాచరు వేసినా, లాక్‌నట్టు బిగించిన కొద్దీ కోను కూడా బిగుస్తుంది, పెడల్ జామవుతుంది. జామైందని నట్టు వెనక్కి తిప్పితే కోను కూడా వెనక్కి వస్తుంది. అది పట్టించుకోకుండా తొక్కితే కోను వదులై బాల్స్ దారి పొడవునా రాలతాయి. ఇంట్లో విప్పిన పెడల్ వారానికే పాడైందంటే చాలాసార్లు తప్పు ఈ వాచరు దగ్గరే దొరుకుతుంది. రూపాయి రెండు రూపాయల సామాను. కొత్తది దొరికినప్పుడు నాలుగు తెచ్చిపెట్టుకోవాలి.

చివరి సర్దుబాటుకు పెడల్‌ను మళ్లీ క్రాంకుకు ఎక్కించాలి. కోనును ఆగేదాకా మెల్లగా తిప్పి, అక్కడి నుంచి ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు వరకు వెనక్కి తేవాలి. పేచ్‌కస్‌తో కోనును అక్కడే పట్టి ఉంచి లాక్‌నట్టు బిగించాలి. నట్టు బిగిసేటప్పుడు కోనును కొంచెం లోపలికి నొక్కుతుంది కాబట్టి మొదట రవ్వంత వదులుగా ఉండడమే సరి. బిగించాక రెండు పరీక్షలు: ఒక్క వేలితో తిప్పితే పెడల్ తిరగాలి, గట్టిగా పట్టుకొని ఊపితే టక్కు రాకూడదు. టక్కు వస్తే కోను ఇంకొంచెం లోపలికి, బరువుగా తిరిగితే ఇంకొంచెం బయటికి. రెండు మూడుసార్లు చేస్తే గానీ కుదరదు, అది మామూలే. మూత లోపల కూడా కొంచెం గ్రీజు నింపి మూసేస్తే నీళ్లు ఆ వైపు నుంచి రావు.

క్రాంకుకు బిగించే మరకు గ్రీజు తప్పనిసరి. మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. వేళ్లతో ఎక్కకపోతే మర అడ్డంగా పట్టినట్టు, తీసి మళ్లీ మొదలుపెట్టాలి. ఆఖరి బిగింపు గట్టిగానే ఉండాలి, టార్క్ పానా ఉన్నవాళ్లకు 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు. వారం తొక్కాక ఒకసారి మళ్లీ పానా వేసి చూడాలి.

రబ్బరు దిమ్మెలు అరిగి నున్నబడితే వానలో చెప్పు జారుతుంది. అవి విడిగా దొరుకుతాయి. కొసల నట్లు విప్పి, కడ్డీ లాగి, కొత్త రబ్బరులోకి సబ్బు నీళ్లతో కడ్డీ దూర్చాలి. నూనె రాస్తే సులువుగా దూరుతుంది గానీ రబ్బరు ఉబ్బి కడ్డీ మీద గిరగిరా తిరుగుతుంది. పెడల్ అంచుల్లోని పసుపు రిఫ్లెక్టర్లు పగిలితే వాటినీ మార్చండి. మబ్బుల లేచి పాలకు, కూరగాయల మార్కెట్‌కు పోయేవాళ్లను వెనక వచ్చే లారీ డ్రైవరు ముందుగా పోల్చుకునేది పైకీ కిందికీ కదిలే ఆ వెలుగుతోనే.

ఎన్నాళ్లకోసారి విప్పాలంటే, రోజూ తొక్కే సైకిల్‌కు ఏడాదికి రెండుసార్లు. వానలకు ముందు మే చివర్న ఒకసారి, వానలు వెళ్లాక దసరాకు ఒకసారి. దసరాకు సైకిల్‌ను ఎలాగూ కడిగి పసుపు, కుంకుమ పెడతారు. కడిగిన రోజే పెడల్ విప్పితే లోపలికి పోయిన నీళ్లూ పోతాయి.

మిగతా రెండు

ప్లాస్టిక్ పెడళ్లలో రెండు తెగలున్నాయి. కొన్నింటికి బయటి కొసన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాని కింద పైన చెప్పిన కోనూ నట్టే ఉంటాయి. ఇవి విప్పొచ్చు, కొంతలో కొంత నయం. కానీ ఉక్కు కప్పులు ప్లాస్టిక్ ఒంట్లో కూర్చుని ఉంటాయి. బాల్స్ ఒకసారి జామైతే కప్పు ప్లాస్టిక్‌ను కోసుకుంటూ తిరుగుతుంది. ఆ తర్వాత చేసేదేమీ లేదు. రెండో తెగకు మూతే ఉండదు. బాల్స్ కూడా ఉండకపోవచ్చు, ఇరుసు నేరుగా ప్లాస్టిక్ రంధ్రంలో తిరుగుతుంది. పిల్లవాడు ఇంటి ముందు తిరిగే సైకిల్‌కు సరే. ఊరి నుంచి మండల కేంద్రంలోని బడికి రోజూ పోయివచ్చే పిల్లల సైకిల్‌కు మాత్రం దండగ ఖర్చు.

అల్యూమినియం సీల్డ్ పెడల్ మంచి సరుకు, దాని దుమ్ము కాపలా రబ్బరు పెడల్ కన్నా ఎంతో మేలు. పొద్దున కాజీపేట నుంచి హనుమకొండ దాకా తారు రోడ్డు మీద తిరిగివచ్చేవాళ్లు ఇదే కొనొచ్చు. కొనేటప్పుడు లోపల ఎన్ని బేరింగ్‌లు, వాటి నంబరేమిటి అని అడగాలి. నంబరు బేరింగ్ సీలు మీదే ఉంటుంది. ఉదాహరణకు 688-2ఆర్‌ఎస్ అంటే లోపలి రంధ్రం 8, బయటి అంచు 16, వెడల్పు 5 మి.మీ., రెండు పక్కలా రబ్బరు సీలు. అది తెలిస్తే బేరింగ్‌ల దుకాణంలో అడిగి తెచ్చుకోవచ్చు. చాలా మోడళ్లలో బయటి వైపే బేరింగ్ ఉంటుంది, క్రాంకు వైపు ఒక బుష్షు (బాల్స్ లేని ఉత్త గొట్టం) మాత్రమే. బేరింగ్ కన్నా ఆ బుష్షే ముందు అరుగుతుంది, విడిగా దొరకనిదీ అదే.

దుకాణంలో

కౌంటర్ దగ్గర "అన్నా, మూత తీసి చూపియ్యవా" అని అడగడానికి మొహమాటపడొద్దు. మూత కింద నట్టు, కోను కనిపించాలి. ఇరుసును వేళ్లతో తిప్పితే కొత్త పెడల్ కొంచెం బిగువుగానే ఉండొచ్చు గానీ గరగరలాడకూడదు. చాలా చవక పెడళ్లు ఫ్యాక్టరీ నుంచే నామమాత్రపు గ్రీజుతో వస్తాయి, కాబట్టి కొత్తదాన్నైనా బిగించేముందే విప్పి గ్రీజు నింపడం మంచి అలవాటు. ఇరుసు కొస మీద ఎల్, ఆర్ అక్షరాలు చూసుకోండి. అక్షరాలు లేకపోతే ఇరుసును నిలువుగా పట్టుకోండి, మర గీతలు కుడికి ఎక్కుతుంటే కుడి పెడల్, ఎడమకు ఎక్కుతుంటే ఎడమ పెడల్. ఒకే వైపువి రెండు కట్టిన జతలు అప్పుడప్పుడూ వస్తుంటాయి.

మర కొలత కూడా రెండు రకాలు. పెద్దవాళ్ల సైకిళ్లకు 9/16 అంగుళం, అంటే 14 మి.మీ. పైచిలుకు, రెండు క్రాంకులూ ఒకే ఇనుప కడ్డీని వంచి చేసిన పిల్లల సైకిళ్లకు 1/2 అంగుళం, 12.7 మి.మీ. పాత పెడల్‌ను సంచిలో వేసుకొని పోతే ఈ గొడవ ఉండదు. 1/2 పెడల్‌ను 9/16 కన్నులో పెడితే తిప్పకుండానే దూరిపోతుంది. దాన్ని రేకు ముక్కలు, దారం, టెఫ్లాన్ టేపు చుట్టి నిలబెట్టే ప్రయత్నం ఎవరైనా చేస్తే ఒప్పుకోవద్దు.

వదులు పెడల్‌తో తొక్కి క్రాంకు కన్ను మర పోగొట్టుకున్నవాళ్లు కొత్త పెడల్ కొనే ముందు ఆ కన్నును చూపించాలి. మర వంగిందే గానీ పోలేదంటే 9/16 ట్యాప్ (మర కోసే పనిముట్టు) వేసి సరిచేయొచ్చు. ఎడమ కన్నుకు ఎడమ ట్యాప్ కావాలి, అది అందరి దగ్గరా ఉండదు. మర మొత్తం రాలిపోతే క్రాంకు మార్చడమే. నల్ల సైకిల్ ఎడమ క్రాంకు చవకే, కాటర్ పిన్నుతో సహా మార్పించుకోవచ్చు. కుడిది చైను చక్రంతో కలిసి ఉంటుంది కాబట్టి ఖర్చు ఎక్కువ. వెల్డింగ్ పెట్టి పెడల్‌ను క్రాంకుకు అతికించే పద్ధతి ఊళ్లలో ఇంకా ఉంది. ఆ వేడికి లోపలి కోను గట్టిదనం పోతుంది, గ్రీజు కాలిపోతుంది, మూడు నెలలకు పెడల్ అరిగితే క్రాంకు కూడా దాంతో పాటే పారేయాలి.